ఇచ్చిన ఇల్లు, కట్టుకున్న ఇల్లు

(తెలకపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాకు బడిలో చదువు చెప్పిన సారు పూర్తి పేరు ఆహ్వాన పత్రిక మీదుంది. నేను మాత్రం ఈ గంటసేపూ సారు అనే అంటాను. ఇక్కడున్న వాళ్లలో చాలామందికి ఆ మాట వింటే ఇంకో మనిషి గుర్తుకు రాడు.

స్మారకోపన్యాసాల్లో గతించిన వారి గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. తన ముందు తనను పొగిడితే సారు చెప్పులు వెతుక్కునేవారు. అందుకని ఆయన నన్నడిగిన ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. నేను దానికి ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

ఎనభయ్యో దశకం చివర, ఏడో తరగతిలో 'మా ఇల్లు' అని వ్యాసం రాయమన్నారు. నేను రాశాను. మాది పెంకుటిల్లు. ముందు వరండా, వెనక పెరడు, పెరట్లో జామచెట్టు. నాన్నగారు పొద్దున్నే కుర్చీలో కూర్చొని పేపరు చదువుతారు. గైడులో ఉన్న ఇల్లు అది. మా ఇల్లు ఊరి చివర సర్కారు కాలనీలో ఒక్క అర్ర, పైన రేకులు. మా నాయనకు పేపరు చదవడం రాదు, ఆ పొద్దు ఆయన ఊళ్లోనూ లేడు. గుంపు మేస్త్రీ వెంట డ్యాం పనికి పోయి ఐదు నెలలైంది. సారు నా వ్యాసంలో ఒక్క తప్పూ దిద్దలేదు. కింద ఎర్రసిరాతో రెండు ముక్కలు రాశారు: "ఇల్లు బాగుంది. ఎవరిది?"

ఆ రోజు కాలనీ నుంచి బడికొచ్చిన వాళ్లం ఏడెనిమిది మందిమి ఉంటాం. అందరి వ్యాసాల్లోనూ అదే పెంకుటిల్లు, అదే జామచెట్టు. ఒకరిది చూసి ఒకరం రాయలేదు. ఉన్న ఇల్లు రాయకూడదని మాకెవరూ చెప్పనూ లేదు. మరి ఆ సంగతి మాకెట్లా తెలిసింది? ఈ ఉపన్యాసం దాని గురించే.

యాడుంటరు?

మన దిక్కు కొత్త మనిషిని అడిగే రెండో ప్రశ్న ఇది. పేరు చెప్పాక, "యాడుంటరు?" జవాబు విన్నాక అడిగినవాళ్ల ముఖంలో ఒక చిన్న కదలిక వస్తుంది. కాలనీలో పెరిగిన పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఆ కదలిక చదవడం వస్తుంది.

కాలనీ అనే మాటనే చూడండి. హైదరాబాదులో ఎవరైనా ఫలానా కాలనీలో ఉంటామంటే, సంఘం ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, పార్కు ఉంది అని అర్థం. అదే మాట తెలకపల్లి దిక్కున ఏ ఊళ్లోనైనా అంటే ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ, ఇందిరమ్మ కాలనీ. ఊరు ఒక దిక్కు, కాలనీ ఒక దిక్కు. పాత రోజుల్లో ఊరు, వాడ అని రెండుండేవి. వాడ పోయి కాలనీ వచ్చింది, మధ్యలో ఉన్న ఎడం మాత్రం పోలేదు. "యాడుంటరు" అనే ప్రశ్న కింద చాలాసార్లు "ఏం కులం" అనే ప్రశ్న నక్కి ఉంటుంది.

అంబేడ్కర్ 1917లో విదేశీ చదువు చదివి బరోడా సంస్థానంలో కొలువుకు వచ్చారు. ఉండడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకొని దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న మనుషులొచ్చి ఖాళీ చేయించారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. అంతటి మనిషి కూడా ఉండే చోటు కోసం అబద్ధం చెప్పవలసి వచ్చిందని చదివినప్పుడు, నా జామచెట్టు నాకు గుర్తొచ్చింది.

దక్షిణాదిలో రెండు రాష్ట్రాలు ఈ మాట సంగతి గుర్తించాయి. కేరళలో 2024 జూన్‌లో ఎస్సీ, ఎస్టీలుండే చోట్లకు 'కాలనీ' అనే మాట వాడొద్దని, నగర్ వంటి పేర్లు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 ఏప్రిల్‌లో, సర్కారు రికార్డుల నుంచి ఆ మాట తీసేస్తామని శాసనసభలోనే చెప్పారు. మంచిదే. పేరు మారితే దరఖాస్తు మీద రాసేటప్పుడు చెయ్యి ఆగదు. కానీ బోర్డు మార్చినంత మాత్రాన అడిగేవాళ్ల ముఖంలో కదలిక ఆగుతుందా? ఆగాలంటే ఆ కాలనీ గురించి ఊరికి ఇంకో కథ తెలిసి ఉండాలి. ఇప్పటిదాకా ఊరికి తెలిసినవి మూడు కథలే. ఆఫీసు ఫైలు చెప్పేది లబ్ధిదారు కథ. పేపర్లో వచ్చేది పేకాట, గుడుంబా కథ. ఊరివాళ్లు చెప్పేది ఉట్టిగ వచ్చిన ఇంటి కథ. నాలుగోది, ఉన్నవాళ్లు చెప్పుకునేది, ఎవరూ అడగలేదు.

గోడ చెప్పిన లెక్క

సర్కారు ఇళ్ల చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. ఉమ్మడి రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ 1979లో పుట్టింది. ఎన్టీఆర్ వచ్చాక పక్కా ఇళ్లన్నారు. ఢిల్లీలో 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. 2006లో వైఎస్ కాలంలో ఇందిరమ్మ ఇళ్లొచ్చాయి. ఆ తర్వాత తెలంగాణలో, 2015 నుంచి, 560 చదరపు అడుగుల డబుల్ బెడ్రూం ఇళ్లు. 2024లో మళ్లీ ఇందిరమ్మ పేరు మీదే, స్థలమున్నవాళ్లకు నాలుగు విడతల్లో ఐదు లక్షలు, 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600 దాటకుండా. పేర్లు మారాయి, కొలతలు మారాయి. మారని మాట ఒకటుంది: సర్కారు ఇచ్చిన ఇల్లు.

పల్లెల్లో ఈ పథకాల్లో ఎక్కువవాటికి సర్కారు ఇల్లు కట్టి ఇవ్వదు. డబుల్ బెడ్రూం వంటివి వేరు, అక్కడ కాంట్రాక్టరు కట్టి తాళం చేతికిస్తాడు. ఇందిరమ్మ ఇంటికి సర్కారు ఇచ్చేది బిల్లు, అదీ విడతలుగా. పునాది లేస్తే ఒకటి, గోడలు లేస్తే ఒకటి, స్లాబు పడితే ఒకటి. పునాది తవ్వేది ఇంటివాళ్లు. రాయి మోసేది, గోడలు తడిపేది, మేస్త్రీకి అన్నం పెట్టేది ఇంటి ఆడవాళ్లు. బిల్లు పడేదాకా అప్పు తెచ్చేది కూడా వాళ్లే. అందుకే మన కాలనీల్లో ఇళ్ల వయసు ఏళ్లలో చెప్పరు. "బేస్మట్టం కాడ ఆగింది", "లెంటల్ దాక వచ్చింది", "స్లాబు బిల్లు పడలే" అంటారు.

ఈ ఉపన్యాసం కోసం మన మండలంలో ఒక కాలనీకి పోయాను. ఒక పెద్దమ్మ నన్ను ఇంట్లోకి కాదు, ఇంటి పక్క సందులోకి తీసుకపోయింది. గిలాపు చేయని గోడ. కింద మూడడుగులు మన గుట్టల రాయి. దాని మీద లెంటల్ దాకా ఎర్ర ఇటుక. లెంటల్ పైన సిమెంటు ఇటుక. రాయికీ ఇటుకకూ నడుమ, చెయ్యి పెడితే తగిలే ఒక నల్లటి చార.

"ఇదేంది పెద్దమ్మా?"

"వాన, బిడ్డా. రెండు వానకాలాలు. బిల్లు రాలే, గోడ లేవలే. రాయి నాయిన కొట్టి తెచ్చిండు. ఇటుక మా అన్న దగ్గర బదులు తెచ్చిన. పైన సిమెంటుది, బొంబాయి పోయి వచ్చినంక ఏసినం."

ఆమె వేలు కింది నుంచి పైకి పోతుంటే నేను చూస్తున్నాను. తండ్రి, అన్న, బొంబాయి. ఏ ఏడు ఎవరు ఆదుకున్నారో ఆ గోడలో వరసగా ఉంది. ఆ చార ఎవరి లెక్కలోనూ లేదు. ఫైల్లో ఉన్నదొక తేదీ, ఒక మొత్తం, పక్కన 'పూర్తయినది' అన్న మాట.

తాళం కథ

ఊరివాళ్ల నోట కాలనీ మీద ఎప్పుడూ వినే నింద ఇది: "ఇల్లు కావాలని ఏడ్చిన్రు, కట్టుకోని తాళమేసి పోయిన్రు. వాళ్లకెందుకు ఇండ్లు?" విచారణకు వచ్చినవాళ్లు కూడా తాళం చూసి 'నివాసం లేదు' అని రాసుకొని పోతారు.

పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ మొదలు శ్రీశైలం దాకా, బొంబాయి, పుణె, హైదరాబాదు మేడల దాకా మన ఉమ్మడి జిల్లా మనుషుల చేతులు పడని పని తక్కువ. అడ్వాన్సు తీసుకొని, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర విడిచి, ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు పనిచోటే బతకడం. అక్కడ ఉండేది రేకుల షెడ్డు. పక్కనే లేస్తున్నది ఇరవై అంతస్తుల మేడ. గృహప్రవేశం నాటికి షెడ్డు పీకేస్తారు, మనుషులు ఇంకో చోటికి పోతారు.

మా ఇంటికీ తాళం పడింది. నాకు పదమూడో ఏట అమ్మ కూడా నాయన వెంట పోయింది. తాళంచెవి మా అవ్వ కొంగుకు ఉండేది. పండగ పూట అవ్వ తలుపు తీసి, ఊడ్చి, కడప కడిగి, ముగ్గేసి, మళ్లీ తాళమేసేది. "ఎవరూ లేని ఇంటికి ముగ్గెందుకే?" అన్నాను ఒకసారి. "ఇల్లు ఉన్నదని జెప్పనీకె" అంది.

ఆ తాళం మీద ఊరు చెప్పే కథ ఒకటి, ఇంటివాళ్లు చెప్పే కథ ఒకటి. ఊరి కథలో, అక్కర లేని ఇల్లు గనక తాళం. ఇంటివాళ్ల కథలో, ఆ ఇంటికి చేసిన అప్పు తీర్చనీకె పోయినందుకు తాళం. ఇంట్లో ఉండాలంటే అప్పు తీరాలి, అప్పు తీరాలంటే ఇంట్లో ఉండొద్దు. ఈ చిక్కుముడి ఏ విచారణ కాగితంలోనూ పట్టదు. పక్కన కూర్చొని "ఎప్పుడు పోయిన్రు, ఎందుకు పోయిన్రు" అని అడిగితేనే తెలుస్తుంది.

ముంపు ఊళ్ల సంగతీ ఇటువంటిదే. శ్రీశైలం నీళ్లు 1981లో కొల్లాపూర్, అలంపూర్, వనపర్తి తాలూకాల్లో కృష్ణ ఒడ్డు ఊళ్లను ముంచాయి. లేచి వచ్చినవాళ్లు సొంత ఊరి పేరు పోగొట్టుకొని, చేరిన చోట 'ముంపోళ్లు' అయ్యారు. ఇంటికొక ఉద్యోగమని 1986లో వచ్చిన 98 నంబరు జీవో కోసం తిరిగి తిరిగి ఒక తరం ముసలిదైంది. నీళ్లు తాగేవాళ్లకు ప్రాజెక్టు పేరు గుర్తుంది. ఊళ్ల పేర్లు ఆ ముసలివాళ్ల నోట్లోనే మిగిలాయి.

గోడ మీద రాత

సర్కారు సాయంతో కట్టిన ఇంటి గోడ మీద పథకం పేరు, మనిషి పేరు, మంజూరైన సొమ్ము రంగుతో రాయడం మనకు అలవాటే. రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో 2017లో ఇంకో మెట్టు దిగారు. మాది పేద కుటుంబం, రేషను తీసుకుంటాం అనే అర్థం వచ్చే మాటలు ఇళ్ల గోడల మీద రాయించారు. దేశమంతా గోల పుట్టింది.

నేను హైదరాబాదులో బ్యాంకు అప్పుతో ఫ్లాటు కొనుక్కున్నాను. ఆ అప్పు వడ్డీ మీద, ఆదాయపు పన్ను చట్టం పాత విధానంలో, ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది. అదీ సర్కారు సొమ్మే, నా ఇంటికి సర్కారు చేసిన సాయమే. కొన్నేళ్ల మినహాయింపులో మిగిలిన పన్ను లెక్కేస్తే ఆ గోడ చూపించిన పెద్దమ్మ ఇంటికి పడ్డ బిల్లుల కంటే తక్కువేం కాదు. నా గుమ్మం మీద ఎవరూ ఏమీ రాయలేదు. నన్ను లబ్ధిదారు అని ఎవరూ పిలవలేదు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా "కష్టపడి కొనుక్కున్నవ్" అన్నారు.

ఎన్నికల సభల్లో పాత ఇళ్లను అగ్గిపెట్టెలన్నారు, డబ్బాలన్నారు. కొత్త పథకం గొప్పతనం చెప్పడానికి అన్న మాట అది. అగ్గిపెట్టెలో అప్పటికే ముప్పై ఏళ్ల కాపురం ఉంది. ఆ సభల్లో కింద కూర్చొని చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ డబ్బాల్లో పిల్లల్ని కని, పెళ్లిళ్లు చేసినవాళ్లున్నారు. ఇంటిని తిడితే ఇంటివాళ్లకు తగులుతుంది.

కాలనీ లోపలి మాటలు

కాలనీవాళ్ల కథలన్నీ పూజలో పెట్టుకునేవని నేను అనను. అర్హుల జాబితాలో పేరెక్కడానికి ఎవరెవరికి ఎంతిచ్చారో చెప్పుకునే కథలున్నాయి. మోరీ నీళ్ల మీద ఏళ్ల తరబడి మాటల్లేని ఇరుగుపొరుగులున్నారు. తాగుడు ఉంది. ఇంకో సంగతీ ఉంది, చెప్పడానికి కష్టమైనది. నేను ఏ లైనులో అడిగినా ఒకటే మాట: "మేమట్ల గాదు సారూ, ఆ వెనక లైనోళ్లు ఉన్నరు సూడు, వాళ్లతోనే మాకు చెడ్డపేరు." వెనక లైనుకు పోతే వాళ్లు ఇంకో వెనక లైను చూపించారు. ఊరు మన మీద పెట్టిన మచ్చను పక్కింటి మీదికి తోసి మనం తెల్లగా మిగలాలని చూస్తాం. మచ్చ చేసే అసలు చేటు ఇదే, ఇరుగును పొరుగుకు కాకుండా చేస్తుంది.

ఈ తీరు మనది ఒక్కరిదే కాదు. చెన్నైలో కూవం, అడయారు నదుల ఒడ్డుల నుంచి లేపినవాళ్లను పెట్టిన కన్నగి నగర్‌లో, ఆ చిరునామా చెబితే కొలువు దొరకదని పిల్లలు వేరే చిరునామా రాసేవారు. అదీ ఒక జామచెట్టే. 2025 అక్టోబర్‌లో బహ్రెయిన్ ఆసియా యువ క్రీడల్లో కబడ్డీ బంగారం గెలిచిన జట్టులో ఆ కాలనీ అమ్మాయి ఉంది. జనం ఆమెను ఊరి పేరుతో, కన్నగి నగర్ కార్తిక అనే పిలుచుకున్నారు. దాచుకున్న పేరు మొదటిసారి ముందు నిలబడింది.

అమెరికాలో సెయింట్ లూయిస్ పట్నంలో 1950ల్లో ప్రూయిట్-ఐగో అని 33 మేడలు, ఒక్కోటి పదకొండు అంతస్తులు, పేదల కోసం కట్టారు. ఇరవై ఏళ్లు నిండకముందే, 1972లో, మందుపెట్టి కూల్చడం మొదలుపెట్టారు. కూలుతున్న ఆ బొమ్మ లోకమంతా చూసింది. పేదలకు మేడలిస్తే ఇంతే అని చాలామంది తీర్పు చెప్పారు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2011లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ అక్కడ ఉన్నవాళ్లను కూర్చోబెట్టి అడిగింది. మొదటి రోజుల్లో ఎంత మురిసిపోయారో వాళ్లు చెప్పారు. నిర్వహణ ఖర్చు వచ్చే అద్దెల మీదే నడవాలన్న ఏర్పాటు వల్ల, అద్దెలు తగ్గేకొద్దీ లిఫ్టులు, గొట్టాలు, దీపాలు ఎట్లా ఒక్కోటి పోయాయో చెప్పారు. మన హైదరాబాదు శివారు కొల్లూరులో 2023లో తెరిచిన 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ల మేడలకు ఈ పాఠం పనికొస్తుంది. తొమ్మిదో అంతస్తులో ముసలాయనకు లిఫ్టు అంటే కాళ్లు. ఆ లిఫ్టు ఆగితే బాగుచేయించే డబ్బు ఎక్కడిదని ఇప్పుడే అడగాలి. లేకపోతే ఇంకో పదేళ్లకు నింద మళ్లీ ఉన్నవాళ్ల మీదికే వస్తుంది.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే సర్కారు ఇళ్ల మేడ 2017 జూన్ 14న కాలి 72 మంది పోయారు. నిప్పు ప్రమాదం ఉందని అక్కడి నివాసుల సంఘం అంతకు ముందే రాసి పెట్టింది. చదవాల్సినవాళ్లు చదవలేదు. పేదవాళ్ల ఇంటి కథ వినకపోతే పోయేది మర్యాద ఒక్కటే కాదు, ప్రాణాలు కూడా.

కట్టినం, కట్టుకున్నం

సారు తెలుగు పంతులు గనక ఒక వ్యాకరణం ముక్క చెప్పి ముగిస్తాను. మన భాషలో క్రియకు 'కొను' తగిలిస్తే పని తన వైపు తిరుగుతుంది. వండింది వేరు, వండుకుంది వేరు. నేను కలిసిన మేస్త్రీ ఒకాయన ఇట్లా అన్నాడు: "హైదరాబాద్‌ల ఎన్ని ఇండ్లు కట్టిననో లెక్క లేదు. ఇదొక్కటే కట్టుకున్న." ఆయన ఇంటి గోడ మీద పథకం పేరుంది. ఆయన నోట 'ఇచ్చిన' అనే మాట ఒక్కసారీ రాలేదు. సాయం రాలేదని ఆయన అనలేదు. పడ్డ బిల్లులు, పడని బిల్లులు పైసలతో సహా చెప్పాడు. క్రియ మాత్రం తనదే వాడాడు.

మన బడుల్లో, పంచాయతీల్లో చేయగలిగిన చిన్న పని ఒకటి అడుగుతున్నాను. ప్రతి కాలనీకి ఒక నోటుబుక్కు పెట్టండి. ఏడో తరగతి పిల్లలు తమ ఇంటి పెద్దవాళ్లను ఒకే ప్రశ్న అడిగి రాయాలి: ఈ ఇల్లు ఎట్ల కట్టుకున్నరు? ఎవరు రాయి తెచ్చిన్రు, ఎవరి దగ్గర బదులు తెచ్చిన్రు, బిల్లు ఎప్పుడు ఆగింది, తాళం ఎప్పుడు పడ్డది. డబుల్ బెడ్రూం ఇంట్లో ఉన్న పిల్లలు, ఈ ఇంటికి రాకముందు యాడున్నరు అని అడగాలి. వెనక లైనువాళ్ల కథ ముందు లైను పిల్లలు రాయాలి, ముందు లైనుది వెనక లైనువాళ్లు.

ఇక సారు ప్రశ్నకు జవాబు. నలభై ఏళ్లు కావస్తోంది, ఆలస్యానికి మార్కులు కోసుకోండి.

సారూ, ఆ పెంకుటిల్లు గైడువాళ్లది. మా ఇల్లు ఊరికి తూర్పున, మూడో లైను. ఒక్క అర్ర. కింద రాయి, మీద రేకులు. రాయి మా నాయన, అమ్మ మోసిన్రు. జామచెట్టు లేదు. కడప మీద ముగ్గుంది, మా అవ్వ వేసింది.

నాకిచ్చిన సమయంలో పావుగంట మిగిలింది. నాకు గోడ చూపించిన పెద్దమ్మ వెనక వరుసలో ఉంది, ఆమెను మైకు దగ్గరికి రమ్మని అడుగుతున్నాను. అధ్యక్షులు అనుమతించాలి.